సాక్షి బీరువా

"నోరు తెరవండి," అన్నాడు డెంటిస్టు.

సూది నోరు తెరిచింది. డ్రిల్లు గుయ్యిమంది. అది ఏ పంటినీ తాకకుండా గాలిలోనే తిరుగుతుంటే, ఆ చప్పుడు మాటున, మాస్కు వెనుక నుంచి డెంటిస్టు అసలు సంగతి మొదలుపెట్టాడు.

ఆ క్లినిక్కులో ఇంతవరకు ఎవరి పన్నూ పీకలేదు. గోడకు వేలాడే దవడ బొమ్మ వెనుక ఒక ఇనుప తలుపుంది. తెల్లకోటు తొడుక్కున్న ఆ పెద్దమనిషి దేశ గూఢచారి శాఖకు అధిపతి. డ్రిల్లు మోగుతుండగా ఎంత గొప్ప మైక్రోఫోనూ తన మాటను పట్టలేదని ఆయన ధీమా. శాఖలో అందరికీ ఆయన డాక్టరుగారు. పంటి నొప్పి వస్తే మాత్రం ఎవరూ ఆయన దగ్గరకు వెళ్లరు.

"రేపు మధ్యాహ్నం పన్నెండింటికి మన కంప్యూటర్ వర్క్‌షాపు నుంచి రైల్వే కొత్త సిగ్నల్ ప్రోగ్రామ్ అన్ని స్టేషన్లకీ ఒకేసారి వెళ్తుంది. మంత్రిగారు స్వయంగా వచ్చి బటన్ నొక్కుతారు. దాని మీద గడియారం ముఠా కన్నేసింది."

పైకి చేతి గడియారాలు, అత్తర్లు అమ్ముతూ లోపల దేశాలనే అమ్మేసే విదేశీ ముఠా అది.

"ఎఆ?" అంది సూది, తెరిచిన నోటితోనే.

"కంపైలర్ గుండా."

సూది నోరు మూసింది.

ఆమెకు ఆ పేరు పెట్టింది పొడుస్తుందని కాదు, దూరుతుందని. జుట్టు సగం నెరిసింది. బస్సులో పక్క సీటులో కూర్చున్న మనిషి దిగిపోయాక ఆమె మొహం గుర్తు చేసుకోలేడు. గూఢచారికి అంతకు మించిన అందం లేదు. ఈ వృత్తిలోకి రాకముందు ఆమె కంపైలర్లు కట్టేది.

ఆ సంగతి రెండు మాటల్లో చెప్పాలి. ప్రోగ్రామర్ రాసిన వాక్యాలను మెషీన్ నేరుగా అందుకోలేదు. కంపైలర్ వాటిని దానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మారుస్తుంది. ఆ కంపైలర్ గుమ్మంలో కూర్చునే కాపలాదారే ఫ్రంట్ ఎండ్. భాషా నియమాలకు కట్టుబడిన వాక్యాన్ని లోపలికి పంపుతుంది, కట్టుబడనిదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఒకప్పుడు ఆ కాపలాదారును మనుషులు నెలల తరబడి కళ్లు పోగొట్టుకుని చేత్తో రాసేవారు. తరువాత జనరేటర్ వచ్చింది. భాషా నియమాలను ఒక ఫార్మల్ గ్రామర్‌గా, రూలు తరువాత రూలుగా పేర్చి దానికి అందిస్తే చాలు. మనిషి టీ తాగి వచ్చేలోగా ఫ్రంట్ ఎండ్ మొత్తాన్ని అదే రాసిపెడుతుంది.

శాఖకు ఆ జనరేటర్‌ను కట్టి ఇచ్చింది ఇద్దరు ఆడపిల్లలు. ఒకరు సూది. రెండోవారు ఆమె ప్రాణ స్నేహితురాలు, తరువాత ఆమె అన్నయ్యను చేసుకుని వదిన కూడా అయిన మనిషి. ఆ జనరేటర్ పేరు మీద శాఖకు అవార్డులు వచ్చాయి. వేదిక ఎక్కి వాటిని అందుకున్నవారిలో ఈ ఇద్దరూ లేరు. ఫొటోలో కూడా లేరు. ఆ రోజు వీళ్లిద్దరూ వెనుక గదిలో జనరేటర్‌ను నడుపుతున్నారు. అది మొరాయిస్తే వేదిక మీది పెద్దల్లో ఒక్కరికీ దాన్ని దారికి తేవడం తెలియదు మరి.

ఆ వదినే ఇప్పుడు గడియారం ముఠాలో శాఖ తరఫు మనిషి. ముఠా అత్తరు కంపెనీకి ఆమె మొహమే ప్రకటన. సంకేతనామం మహారాణి.

"మహారాణి కబురు పంపింది," అన్నాడు డాక్టరుగారు. "సిగ్నల్ భాష గ్రామర్‌లో ఎవరో ఒక దొంగ రూలు కలిపారట. ఒకానొక వాక్యం కనబడగానే కాపలాదారు కళ్లు మూసుకుంటాడు. దాని వెనకాలే ముఠా ఆజ్ఞలు లోపలికి పోతాయి. ఆ తర్వాత ఎర్ర లైటుని పచ్చగా చేయడం వాళ్లిష్టం. ఒకే పట్టా మీదకి రెండు రైళ్లని ఎదురెదురుగా వదలడం కూడా."

"వాయిదా వేయండి."

"వేస్తే ఉప్పందించింది ఎవరో ముఠాకి తెలిసిపోతుంది. సాయంత్రానికల్లా మీ వదిన..."

"ఆ మాట అనకండి."

"అనను. అందుకే మిమ్మల్ని పిలిచాను. చప్పుడు కాకుండా గ్రామర్ చదవండి, రూలు తీసేయండి, ఫ్రంట్ ఎండ్‌ని మళ్లీ జనరేట్ చేయండి. ముందు ఆవిణ్ణి కలవండి." డాక్టరుగారు పళ్లెంలోంచి ఒక కళ్లజోడు తీసి ఇచ్చాడు. "కుడి కాడ నొక్కితే ఫొటో. ఎడమ కాడ నొక్కితే మీ మాటలు నా చెవిలో, నావి మీ చెవిలో."

"రెండూ ఒకేసారి నొక్కితే?"

"అద్దాలు ఊడిపోతాయి. బడ్జెట్ అంతే ఇచ్చారమ్మా. పుక్కిలించండి."

*

ఆ మధ్యాహ్నం సూది మెడలో టేపు, మణికట్టుకు గుండుసూదుల దిండు తగిలించుకుని, ఖరీదైన బట్టల దుకాణంలో ఆల్టరేషన్లు చేసే మనిషిగా ట్రయల్ రూములో నిలబడింది. తలుపు తెరుచుకుంది. ముందు అత్తరు వచ్చింది, దాని వెనుక మహారాణి.

యాభై దాటిన ఆడది అద్దం ముందు నిలబడితే అద్దం సర్దుకుని నిలబడాలనిపించే అందం అది. నెమలి రంగు పట్టు గౌను. చెవులకు రెండే రాళ్లు. దుకాణం వాళ్లు తెచ్చిన కుర్చీని చూపుతోనే పక్కకు జరిపించింది.

"నడుము దగ్గర వదులు చేయాలామ్మా?" అంది సూది.

"నడుము కాదు, భుజం."

తలుపు మూసుకుంది. సంకేతం ముగిసింది. మరుక్షణం ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి భుజం మీద ఒకరు వాలి, చప్పుడు బయటకు రాకుండా నవ్వుకున్నారు.

"ఈ జుట్టేమిటే, రంగైనా వేసుకోవా?" అంది మహారాణి. " నీ పక్కన నిలబడితే నాకూ వయసొచ్చినట్టుంది."

"నువ్వు వేసుకున్న రంగుతో ఇద్దరికీ సరిపోతుందిలే. కదలకు, సూది గుచ్చుకుంటుంది. అన్నయ్య ఎలా ఉన్నాడు?"

"ఇంజను నడుపుతాడు, ఇంటికొస్తాడు, ఇంజను గురించి చెబుతాడు. ఆయనకేం?" మహారాణి అద్దంలోంచే చూస్తూ ఒక లిప్‌స్టిక్ అందించింది. "దీని అడుగున చిప్పుంది. ఏ రూలో, ఏ వాక్యమో అందులో ఉన్నాయి. కామెంట్లని చదివే రూలు. మనుషుల కోసం రాసుకునే మాటలని మెషీన్ దాటేయాలి కదా, ఆ దాటేసే చోటే ఇంకో కొమ్మ అంటించారు."

"నీకేం కాదుగా?"

"నువ్వు చప్పుడు చేయకపోతే ఏమీ కాదు." భుజం దగ్గర గుడ్డ సర్దుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అంది. "మన సాక్షి బీరువా ఇంకా ఉందా? నీ టేపు, నా టేపు పక్కపక్కనే ఉండేవి."

"ఎక్కడికి పోతుంది? మన కాలం వస్తువు. పనికీ రాదు, పారేయడానికీ లేదు."

"మనలాగే," అంది మహారాణి. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, సూదిని గట్టిగా కావలించుకుంది. ఆ కావలింత సూదికి చాలాసేపు తీయగానే ఉండిపోయింది.

సాక్షి బీరువా వర్క్‌షాపులో పాత ఆచారం. కొత్తగా చేరినవారు జనరేటర్ మీద చెయ్యి వేసే ముందు, శాఖ వాడే సిగ్నల్ భాషకు ఒక ఫ్రంట్ ఎండ్‌ను తామే సొంతంగా, ఏ కంపైలర్ సాయమూ లేకుండా, నేరుగా మెషీన్ ఆజ్ఞల్లో రాయాలి. పాత మెషీన్ మీద నడిపి చూపించి, ఆజ్ఞలను రంధ్రాలుగా పొడిచిన ఆ కాగితం టేపును తమ పేరుతో కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, ఉక్కు బీరువాలో భద్రం చేయాలి. జనరేటర్ చేసిన కాపలాదారు మీద ఎప్పుడైనా అనుమానం వస్తే, మనిషి రాసిన కాపలాదారును పిలిచి సాక్ష్యం అడగాలన్నది మొదట్లో ఈ పద్ధతి పెట్టినవారి ఆలోచన. రెంటినీ ఏడాదికి ఒకసారి పోల్చి చూడాలన్న నియమం కూడా ఉంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. పాటించడం మాత్రమే మానేశారు. చదవకుండా నమ్మడానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ఆటోమేషన్.

*

పొద్దుగూకే వేళకు సూది వర్క్‌షాపులో కూర్చుని గ్రామర్ మొత్తం చదివింది. లిప్‌స్టిక్‌లోని చిప్పు చెప్పిన చోటే దొంగ రూలు దొరికింది. పట్టపగలు గోడ దూకుతున్న దొంగలాగా కనబడుతూనే ఉంది. తీసేసింది. జనరేటర్‌ను నడిపింది. కొత్త ఫ్రంట్ ఎండ్ ముందు మహారాణి చెప్పిన వాక్యాన్ని పెట్టింది. కాపలాదారు గుమ్మంలోనే ఆపేశాడు.

"కుట్టు విప్పాను," అని కబురు పంపింది.

"భుజం ఇప్పుడు సరిగ్గా కూర్చుంది," అని జవాబు వచ్చింది.

సూది నిశ్చింతగా ఇంటికి వెళ్లి పడుకుంది. వదిన ప్రాణం నిలబెట్టానన్న నిశ్చింత అది.

మరునాడు ఆమె వర్క్‌షాపుకు వచ్చి కుర్చీలో కూర్చుందో లేదో, ఫోను మోగింది. అన్నయ్య.

"చిట్టీ, మీ వదినకి నువ్వైనా చెప్పవే. రాత్రి నుంచి ఒకటే గోల. ఇవాళ డ్యూటీకి వెళ్లొద్దంటుంది."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"నాకు బానే ఉంది. తనకీ బానే ఉంది. ఊరికే వద్దంటుంది. కాళ్లు పట్టుకుందే! పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూడలేదు. రాత్రి చూశాను."

"ఎప్పుడు మొదలైంది ఇది?"

"అన్నానికి కూర్చున్నప్పుడు. అప్పటిదాకా నవ్వుతూనే ఉంది, ఏదో మెసేజ్ వచ్చింది, చూసుకుంది, మంచి వార్తే అంది. ఆ తర్వాత నా డ్యూటీ ఎక్కడని అడిగింది. కొత్త సిగ్నల్స్ కింద మొదట నడిచే ఎక్స్‌ప్రెస్ నాదేనని గొప్పగా చెప్పాను. అంతే."

"నువ్వేం చేస్తున్నావిప్పుడు?"

"ఏం చేస్తాను? ఇంజనెక్కి కూర్చున్నా. బండి నిండా జనాన్ని పెట్టుకుని, పెళ్లాం ఏడ్చింది, నేను రానంటే ఊరుకుంటారా? గార్డు జెండా ఊపుతున్నాడు. ఉంటా."

ఫోను ఆగిపోయింది. సూది మాత్రం దాన్ని చెవి దగ్గరే ఉంచుకుని కూర్చుంది.

రూలు తీసేసినట్టు వదినకు తెలుసు. ఆ కబురే చూసుకుని మంచి వార్త అంది. ప్రమాదం తప్పిపోయిందని ప్రపంచంలో ముందుగా తెలిసిన మనిషి, ఆ తరువాత మొగుడి కాళ్లు పట్టుకుని రైలెక్కవద్దని ఏడ్చింది.

అంటే ప్రమాదం తప్పలేదు. తప్పలేదని ఆమెకు తెలుసు.

సూది ఫోను బల్ల మీద పెట్టింది. పని ముందు, ఏడుపు తరువాత. వర్క్‌షాపులో ఆడవాళ్లకు అదొక్కటే ఎవరూ రాసిపెట్టకుండా అమలైన నియమం.

నిన్న జనరేటర్ రాసిచ్చిన ఫైలు తెరిచింది. మొదటి వరుసలోనే హెచ్చరిక: ఇది మెషీన్ తయారు చేసిన ఫైలు, చేత్తో మార్చవద్దు. ఇన్నేళ్లుగా శాఖలో పెద్ద చదువులు చదివిన మగమహారాజులందరూ దాన్ని చదవవద్దు అనే అర్థం చేసుకున్నారు. ఒప్పుకోవాలి, సూది కూడా. గ్రామర్ శుభ్రంగా ఉంటే అందులోంచి పుట్టిందీ శుభ్రమేనని అందరి నమ్మకం. ఫైలు నిండా అంకెల పట్టికలు. కాపలాదారు ఏ మాట విన్నాక ఏ స్థితిలోకి వెళ్లాలో చెప్పే పట్టికలు. ఆమె వేలు పెట్టుకుని ఒక్కొక్క స్థితినీ గ్రామర్‌లోని రూలుతో సరిచూస్తూ పోయింది. చివరికి ఒక స్థితి దగ్గర వేలు ఆగింది. గ్రామర్‌లోని ఏ రూలూ ఆ స్థితికి దారి తీయదు. అయినా అది అక్కడ ఉంది, పిలవని పేరంటానికి వచ్చి ముందు వరుసలో కూర్చున్న మనిషిలాగా.

ఒకే ఒక్క రూలున్న బొమ్మ గ్రామర్ రాసి జనరేటర్‌కు ఇచ్చింది. పసిపిల్లల ఆట లాంటి భాష అది. వచ్చిన ఫైలులో ఆ స్థితి మళ్లీ ఉంది.

దోషం ఏ గ్రామర్‌లోనూ లేదు. జనరేటర్‌లో ఉంది. జనరేటర్ మూలపాఠం తీసి చదివితే అది కడిగిన ముత్యంలా ఉంది. దాని నుంచి జనరేటర్‌ను కొత్తగా కడితే, కొత్తదానిలోనూ ఆ స్థితి ప్రత్యక్షమైంది. ఎందుకంటే ఏ కొత్త జనరేటర్‌నైనా కట్టేది పాత జనరేటర్ చేసిన కాపలాదారే. విషం పాతదాని నుంచి కొత్తదానికి, తల్లి పాలతో బిడ్డకు వచ్చినట్టు దిగుతోంది. నిన్నటి దొంగ రూలు దొరకడానికే పెట్టిన రూలు. శాఖ వాసన పసిగట్టిందని తెలిసి, ముఠా దాన్ని ఎరగా వేసింది. దాన్ని తీసేసిన సంతోషంలో మళ్లీ ఆ జనరేటర్‌నే నడుపుతారని వాళ్లకు తెలుసు.

విషం మొదటి జనరేటర్ నుంచీ ఉంది. మొదటి జనరేటర్ మీద చెయ్యి వేసింది ఇద్దరే. అందులో ఒకరు తాను.

సూది కళ్లజోడు ఎడమ కాడ నొక్కింది. అంతా చెప్పింది. కాడలోంచి డాక్టరుగారి గొంతు వచ్చింది.

"రుజువేది అమ్మా? పక్క హాల్లో మంత్రిగారు కూర్చుని ఉన్నారు. పట్టికలో ఒక అంకె ఎక్కువుందని చెప్పి ఆయన చెయ్యి పట్టుకోనా? పైగా మహారాణి... మీ సొంత వదిన."

"ప్రోగ్రామ్‌లో దొంగ వాక్యం చూపిస్తే?"

"చూపించండి. పన్నెండు లోపల."

సిగ్నల్ ప్రోగ్రామ్ పాఠం ఒక మహాగ్రంథం. దాని నిండా కామెంట్లు, కాంట్రాక్టర్ల చాదస్తం. అందులో కామెంటు వేషం వేసుకున్న ఆజ్ఞ ఏదో మనిషి కన్ను పన్నెండు లోపల పట్టలేదు. జనరేటర్ చేయి తగలని కాపలాదారు మాత్రమే పట్టగలడు.

సాక్షి బీరువా.

తాళం తీయగానే పాత ఇనుము వాసన వచ్చింది. తన పేరున్న కవరు దొరికింది. లక్కముద్ర మాత్రం తనది కాదు, తరువాత ఎవరో వేసింది. లోపలి టేపు ఖాళీ, ఒక్క రంధ్రం లేదు. "మన సాక్షి బీరువా ఇంకా ఉందా?" అన్న గొంతు ట్రయల్ రూములోంచి మళ్లీ వినిపించింది. బీరువా ఉందో లేదో కాదు ఆమె అడిగింది. నువ్వు దాన్ని తెరిచావా అని.

పక్కనే ఇంకో కవరు. దాని మీద వదిన పేరు, ఆమె పుట్టింటి పేరు. ముద్ర పాతదే, చెక్కుచెదరలేదు. తడిగుడ్డతో గొంతు కోసిన మనిషి రాసిన సాక్షి. దీన్ని ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మరనే దాన్ని అక్కడ వదిలేసి ఉంటుంది.

సూది ముద్ర విప్పింది. టేపుతో పాటు ఆజ్ఞల ముద్రిత ప్రతి ఉంది. మొదటి కాగితం చదివింది. రెండోది చదివింది. మూడో కాగితం దగ్గర ఆగి, మళ్లీ మొదటి కాగితానికి వచ్చింది.

వాక్యం నుంచి మాటలను ఒక్కొక్కటిగా లాగే భాగం పేరు ఇంజను. ఒక్కొక్క మాట పేరు బోగీ. వాక్యం తప్పయితే మెషీన్ ముద్రించవలసిన సందేశం: బోగీ పట్టాలు తప్పింది.

అవి తన పేర్లు. చిన్నప్పుడు అన్నయ్య అగ్గిపెట్టెలతో రైలు కట్టి ఇల్లంతా నడిపేవాడు. పెద్దయి, కొత్తగా ఇంజను మీద ఉద్యోగానికి చేరిన అతణ్ణి నవ్వించాలని సూది తన ఫ్రంట్ ఎండ్‌లో ఆ పేర్లు పెట్టింది. వదిన చేసినది ఒక్క మార్పు. పైన తన పేరు వేసుకుంది.

ఆ వానాకాలం గుర్తొచ్చింది. వదిన అప్పటికింకా వదిన కాలేదు. సాయంత్రాలు అన్నయ్యతో తిరగడానికే సరిపోయేవి, చేతి పని ముట్టుకోలేదు. "ఒక్క రాత్రికి నీది ఇవ్వవే, చూసి ఇచ్చేస్తాను," అంది. ఇచ్చింది. స్నేహితురాలికి ఇవ్వక ఎవరికిస్తుంది? ఇచ్చినవారికి ఇలాంటివి గుర్తుంటాయి. తీసుకున్నవారికి ఉండవు.

*

పాత మెషీన్ బీరువా పక్కనే ఒక మూల, దుప్పటి కప్పుకుని ఉంది. సూది దుప్పటి లాగింది. టేపు ఎక్కించి, సిగ్నల్ ప్రోగ్రామ్ మొత్తాన్ని దానికి అందించింది. మెషీన్ దగ్గింది, మూలిగింది, నడిచింది. ముసలి గుమాస్తాలాగా వరుస తరువాత వరుస చదువుకుంటూ పోతోంది. గోడ గడియారం దానికంటే వేగంగా ఉంది.

వెనుక అత్తరు వాసన వచ్చింది. శాఖ మనిషిని గుమ్మంలో ఎవరూ ఆపలేదు.

సూది తిరగలేదు. కళ్లజోడు సర్దుకుంటున్నట్టు ఎడమ కాడ మీద వేలు వేసింది. "రా వదినా. భుజం మళ్లీ వదులైందా?"

"నీ అన్నయ్య ఫోను ఎత్తడం లేదు," అంది మహారాణి. చేతిలో లిప్‌స్టిక్. నిన్నటిది కాదు, దీని మూత తీస్తే లోపల ఒకే ఒక్క తూటా. "నీతో మాట్లాడాడా?"

"మాట్లాడాడు. నువ్వు కాళ్లు పట్టుకున్నావని చెప్పాడు. నువ్వు చేసిన తప్పు అదొక్కటే."

"అది తప్పు కాదు," అంది మహారాణి.

"ఎప్పటి నుంచి?"

"మన జనరేటర్ మొదటిసారి నడిచిన రోజుకే నేను వాళ్ల మనిషిని."

"ఆ రోజు మనిద్దరం చేతులు పట్టుకుని ఏడ్చాం."

"నువ్వు ఏడ్చావు. నేను నిన్ను చూస్తున్నాను."

సూది అప్పుడు తిరిగింది. "అన్నయ్య కూడా డ్యూటీయేనా?"

మహారాణి చూపు గడియారం మీదకు పోయింది. "మొదట్లో," అంది.

"ఎందుకే?"

"అవార్డుల రోజు వెనక గదిలో కూర్చున్నాం, గుర్తుందా? అలా అవుతుందని నాకు ముందే తెలుసు. ఇక్కడ మన పేరు ఎవరేశారు? ముఠావాళ్లు ఊళ్లన్నీ కనబడేట్టు నా మొహం వేశారు."

"నా పేరూ వేయలేదు. నేను రైళ్లు గుద్దించలేదు."

గడియారం ముల్లు పైకి పాకుతోంది. పక్క హాల్లో చప్పట్లు. మైకులో ఎవరో మంత్రిగారిని వేదిక మీదకు ఆహ్వానిస్తున్నారు. మహారాణి మెషీన్ వంక చూసి ముఖం చిట్లించింది.

"ఆ డబ్బాతో ఏం చేస్తున్నావు? నీ టేపు నేనెప్పుడో తీసేశాను."

"తెలుసు. ఇది నీది."

"నాదా?" మహారాణి నవ్వింది. "నాది నమ్ముతావా?"

"ప్రాణం పెట్టి నమ్ముతున్నాను."

ఆ నవ్వు ఆగకముందే పాత ప్రింటర్ తటతటమని మోగింది. ఒక వరుస అంకె, దాని పక్కన మూడు మాటలు. సూది వంగి, ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా చదివింది. "బోగీ. పట్టాలు. తప్పింది." ఆ వెంటనే వరుస అంకె చదివింది. కామెంటు వేషంలో ఉన్న ఆ వాక్యాన్ని కూడా అక్షరం పొల్లుపోకుండా చదివింది.

"ఏమిటది? ఏ బోగీ?" అంది మహారాణి.

సూది ఆమె మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఎక్కడా గుర్తుపట్టిన ఛాయ లేదు.

"నీ పేరు పెట్టుకున్నదే, వదినా. ఒక్కసారైనా చదివి ఉండాల్సింది."

మహారాణి చూపు సూది వేలు మీద పడింది, కళ్లజోడు కాడ మీద. అర్థమైంది. "ఎవరు వింటున్నారు?" అంటూ లిప్‌స్టిక్ ఎత్తింది. సూది మెషీన్‌కు అడ్డంగా జరిగి నిలబడింది. జుట్టు నెరిసిన ఒక ఆడమనిషి, మెడలో టేపైనా లేదు. ఇద్దరి మధ్య ఇన్నేళ్ల వదినా అన్న పిలుపు ఒక్కటే అడ్డు. లిప్‌స్టిక్ ఒక క్షణం గాలిలో ఆగింది. మరుక్షణం తూటా పేలింది. అది సూది చెవి పక్క నుంచి పోయి గోడ గడియారంలో దిగింది. గురి తప్పిందో, తప్పించిందో, ఆ ప్రశ్నను సూది ఆ తరువాత ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

పక్క హాల్లో మంత్రిగారి వేలు బటన్‌కు వెంట్రుకవాసి దూరంలో ఉండగా, తెల్లకోటు తొడుక్కున్న ఒక డెంటిస్టు వేదిక మీదకు దూకి మెయిన్ స్విచ్ పీకేశాడు. హాలంతా చీకటైంది. మంత్రిగారి ఉపన్యాసం సగంలో ఆగిపోయింది. అందుకు చాలామంది ఆ డెంటిస్టుకు లోలోపల దండం పెట్టుకున్నారు.

స్టేషన్లలో పాత సిగ్నళ్లే నడిచాయి. జాగ్రత్త కోసం అన్ని లైన్ల మీదా ఎర్ర దీపం వేశారు. శాఖ కాపలావాళ్లు వచ్చి మహారాణిని తీసుకుపోయేటప్పుడు ఆమె తలెత్తుకునే నడిచింది. గుమ్మం దగ్గర మాత్రం ఒకసారి ఆగింది, నిన్న దుకాణంలో ఆగినట్టే. ఈసారి వెనక్కి రాలేదు.

కాసేపటికి సూది ఫోను మోగింది.

"ఏమిటే చిట్టీ ఇది! కొత్త సిగ్నల్స్ అన్నారు, ఎర్ర లైటు వేసి నడి పొలాల్లో నిలబెట్టారు. జనం దిగి నా ఇంజన్ చుట్టూ తిరుగుతున్నారు, ఒకాయన టీ కూడా అడిగాడు నన్ను. సరేలే. మీ వదినకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. కనబడితే చెప్పు, ఆవిడ భయం ఉత్తదేనని. సాయంత్రానికి ఇంట్లో ఉంటానని చెప్పు."

"నేనే వస్తానన్నయ్యా సాయంత్రం," అంది సూది. "నువ్వు నేరుగా ఇంటికిరా. ఎవరితోనూ మాట్లాడకుండా రా."

"ఏమైందే?"

"వచ్చాక చెబుతాను."

ఫోను పెట్టేసి, కళ్లజోడు తీసి, తుడిచింది. తుడవవలసినవి అద్దాలు కావు. అది చూడనట్టు నటించడం ఒక్కటీ డాక్టరుగారు ఆ రోజు చేసిన మర్యాద అయిన పని. ఆయన బీరువా దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇకనుంచి ఏడాదికోసారి పోల్చి చూసే నియమాన్ని అమల్లోకి తెస్తున్నాం. సర్క్యులర్ నా సంతకంతో వెళ్తుంది."

"వెళ్తుంది. చదివేవాళ్లు కూడా ఉంటే బాగుంటుంది."

డాక్టరుగారు జేబులోంచి కలం తీశాడు. "మహారాణి ఫైలు మూసేయాలి. ఆవిడ సేవల గురించి ఒక వాక్యం కావాలి. మీకే బాగా తెలుసు. ఏమని రాయమంటారు?"

సూది పాత మెషీన్ మీద మళ్లీ దుప్పటి కప్పింది.

"రాయండి. ఇన్నేళ్లలో ఆవిడ మన శాఖకి చేసిన నిజాయితీ గల పని ఒక్కటే. అది నా దగ్గర కాపీ కొట్టింది."